డిజ్జీ గిలెస్పీ రెండో పేరు కాదు

జాజ్ చరిత్ర మొత్తాన్ని నాలుగు మాటల్లో చెప్పేయవచ్చని, ఆ నాలుగు మాటలూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, చార్లీ పార్కర్ అనే రెండు పేర్లేనని మైల్స్ డేవిస్ అన్నాడని చెబుతారు. ఆ మాట ఎన్నో వ్యాసాలకు తలకట్టు అయింది, ఎన్నో పాఠాలకు ఆరంభం అయింది. అందులో కనిపించకుండా పోయిన పేరు డిజ్జీ గిలెస్పీది. డ్యాన్సు హాళ్ల సంగీతంగా ఉన్న జాజ్‌ను 1940లలో న్యూయార్క్ కుర్రవాళ్లు కూర్చుని శ్రద్ధగా వినవలసిన సంగీతంగా మార్చారు. బీబాప్ అని పేరుపడ్డ ఆ మార్పుకు ఇద్దరు నాయకులున్నారని పుస్తకాలన్నీ ఒప్పుకుంటాయి. ఒప్పుకుంటూనే ఇద్దరి మధ్య ఒక మెట్టు తేడా పెడతాయి. పార్కర్ సృష్టికర్త, గిలెస్పీ ప్రచారకుడు. పార్కర్ ద్రష్ట, గిలెస్పీ తారస్థాయిలో మెరుపు వేగంతో వాయించగల నేర్పరి. పార్కర్ విషాద నాయకుడు, గిలెస్పీ బుగ్గలు పూరించి, గంట పైకి వంగిన ట్రంపెట్ పట్టుకుని జనాన్ని నవ్వించిన సరదా మనిషి. పత్రికల సంస్మరణలు, సంగీత పాఠ్యప్రణాళికలు, సినిమాలు ఈ తేడాను ఎంతగా స్థిరపరిచాయంటే, ఇప్పుడు దానికి ఎవరూ రుజువు అడగడం లేదు. రుజువు అడిగితే అది నిలవదు. బీబాప్ అనే సంగీత భాషకు వ్యాకరణం కట్టినవారిలో గిలెస్పీ మొదటివాడు. ఆ వ్యాకరణం లేకపోతే పార్కర్ వాదన ఒక మహా ప్రతిభావంతుడి సొంత గొంతుగానే మిగిలేది, ఒక తరం మొత్తం మాట్లాడుకునే భాష అయ్యేది కాదు.

ఎదుటి పక్షం బలాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. ఆల్టో శాక్సఫోన్ మీద పార్కర్ చేసిన మనోధర్మానికి సాటి వచ్చేది జాజ్‌లో చాలా తక్కువ. లయలో ఊహించని చోట మాట మొదలుపెట్టి, ఊహించని చోట ఆపి, మధ్యలో ఒక్క స్వరమైనా వృథా పోనివ్వని ఆ తీరును గిలెస్పీ సైతం తలవంచి నేర్చుకున్నాడు. స్వరాలను పలికించే పద్ధతి, వాక్యాన్ని విరిచే పద్ధతి పార్కర్ నుంచి వచ్చాయని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చాడు. అంతవరకు వివాదం లేదు. కానీ ఒక శైలికి పలుకుబడి ఎంత ముఖ్యమో స్వరసామరస్యం, లయ నిర్మాణం, రచన, వాద్యబృందం అమరిక కూడా అంతే ముఖ్యం. పలుకుబడి ఒక్కదాన్నే కొలబద్దగా పెట్టుకుని, మిగిలిన నాలుగింటినీ సహాయక పనులుగా లెక్కగట్టడంలోనే ప్రచారంలో ఉన్న అంచనా దారి తప్పింది.

కాలక్రమం దగ్గర మొదలుపెడదాం. గిలెస్పీ 1917 అక్టోబర్ 21న దక్షిణ కరొలైనాలోని చెరా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి తాపీ పని చేస్తూ వారాంతాల్లో ఒక బ్యాండ్ నడిపేవాడు, కాబట్టి ఇంట్లో వాద్యాలకు కొదవ లేదు. తండ్రి త్వరగా పోయాడు. నల్లజాతి పిల్లల కోసం నడిచే లారిన్‌బర్గ్ విద్యాలయంలో కుర్రవాడికి ఉచితంగా చోటు దొరికింది. అక్కడ ట్రంపెట్‌తో పాటు పియానో ముందు కూర్చుని కార్డ్‌ల, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తుల, నడకను తనంతట తాను తవ్వుకున్నాడు. ఈ పియానో సంగతి గుర్తుంచుకోవాలి, దీని అవసరం మళ్లీ పడుతుంది. 1939లో క్యాబ్ కాలొవే బ్యాండ్‌లో చేరాడు. అప్పట్లో అమెరికాలో బాగా సంపాదిస్తున్న నల్లజాతి బ్యాండ్‌లలో అదొకటి. 1940 మార్చిలో ఆ బ్యాండ్ 'పికిన్ ద క్యాబేజ్' అనే రచనను రికార్డు చేసింది. దాన్ని రాసిందీ, వాద్యాలకు అమర్చిందీ గిలెస్పీయే. కింద బేస్ ఒకే లయఖండాన్ని పట్టుకుని తిప్పుతుంటే పైన స్వరాలు చీకటిగా, వక్రంగా నడుస్తాయి. తరవాత పదేళ్లలో ఆయన చేయబోయే పనుల బీజాలు అందులో స్పష్టంగా వినిపిస్తాయి. ఆయన వాయించేది చైనా సంగీతంలా ఉందని కాలొవే ఈసడించాడట. అంటే యజమానికి రుచించనంత కొత్తదనం అప్పటికే ఆ ట్రంపెట్‌లో ఉంది. ఆ మార్చి నాటికి గిలెస్పీ పార్కర్‌ను కలవనే లేదు. ఇద్దరూ ఎదురుపడింది అదే ఏడాది కొన్ని నెలల తరవాత, కాలొవే బ్యాండ్ కాన్సస్ సిటీకి వెళ్లినప్పుడు.

ఆ తరవాతి వరుస కూడా చూడాలి. హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో థెలోనియస్ మంక్ పియానో మీద, కెన్నీ క్లార్క్ డ్రమ్స్ మీద రాత్రుళ్లు ప్రయోగాలు చేస్తుంటే గిలెస్పీ వాళ్లతో కూర్చునేవాడు. 1942లో లక్కీ మిల్లిండర్ బ్యాండ్ రికార్డు చేసిన 'లిటిల్ జాన్ స్పెషల్'లో ఆయన సోలో ఉంది. తరవాత 'సాల్ట్ పీనట్స్'గా లోకమంతా పాకిన పల్లవి తునక కూడా అందులో వినిపిస్తుంది. అదే 1942లో 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా' రాశాడు. 1944 ఫిబ్రవరిలో టెనర్ శాక్సఫోన్ పెద్దాయన కోల్‌మన్ హాకిన్స్ నాయకత్వంలో జరిగిన రికార్డింగ్‌లో గిలెస్పీ రచన 'వుడీ ఎన్ యూ' ఉంది. బీబాప్ తొలి రికార్డు ఏదన్న చర్చ వచ్చిన ప్రతిసారీ ఈ రికార్డింగ్ పేరు ముందు వరసలో ఉంటుంది. అక్కడ డ్రమ్స్ దగ్గర ఇరవయ్యేళ్లు నిండీ నిండని మ్యాక్స్ రోచ్ ఉన్నాడు, పార్కర్ లేడు. 1942 ఆగస్టు నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగ్‌ల మీద పెట్టిన నిషేధం వల్ల ఆ రెండేళ్ల ప్రయోగాల్లో చాలా భాగం మనకు వినిపించకుండా పోయింది. ఆ నిశ్శబ్దంలోంచే బీబాప్ ఒక్కసారిగా ఒక మేధావి బుర్రలోంచి ఊడిపడిందనే కథ పుట్టింది. దొరికిన కొద్ది సాక్ష్యాలు చూసినా కొత్త స్వరసామరస్యం అడుగడుగునా గిలెస్పీ కలం నుంచి, మంక్ వేళ్ల నుంచి వస్తున్నట్టు తెలుస్తుంది.

ఆ స్వరసామరస్యం ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. వాదనలో నాకు అన్నింటికంటే బలంగా తోచేది ఇదే. షడ్జం నుంచి ప్రతి మధ్యమం ఎంత దూరమో ఆ అంతరం పాశ్చాత్య సంగీతంలో చాలాకాలం కర్కశమైనదిగా పేరుపడింది. బీబాప్ దాన్ని నిత్యవ్యవహారంలోకి తెచ్చింది. పాట షడ్జానికి తిరిగి వచ్చే ముందు మామూలుగా పంచమం మీద కట్టిన కార్డ్ వినిపించాలి. దాని బదులు ఆ పంచమానికి సరిగ్గా అంత దూరంలో ఉన్న స్వరం మీద, అంటే షడ్జం పక్కనే ఉండే శుద్ధ రిషభం మీద కట్టిన కార్డ్ పెట్టినా ఇంటికి చేరవచ్చు. దారి మారుతుంది, గమ్యం మారదు. ఈ మార్పిడిని అంతకు ముందు ఎవరూ తాకలేదని కాదు. దాన్ని అలంకారం స్థాయి నుంచి పునాది స్థాయికి దించిన రచన 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా'. ఆ రచన మొదటి భాగం దాదాపు మొత్తం షడ్జం మీది కార్డ్‌కూ, శుద్ధ రిషభం మీది కార్డ్‌కూ మధ్య ఊగులాట మీదే నిలబడింది. 'వుడీ ఎన్ యూ' మరో మెట్టు. మంక్ పియానో మీద చూపించిన ఒక కార్డ్ అందులో వరుసగా మెట్లు దిగుతూ ఒక తర్కంగా మారింది. మంక్ దగ్గర ఆ కార్డ్ నేర్చుకున్నానని గిలెస్పీ బాహాటంగా చెప్పాడు. నేర్చుకున్నదాన్ని ఎవరైనా పునరుక్తం చేయగల సూత్రంగా మార్చడం మాత్రం ఆయన పని. పైపైన చూసేవారికి ఇది లెక్కల వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ పార్కర్ సోలోలలో చెవిని తొలిచే ఆ వింత స్వరాలు ఏ నేల మీద నిలబడి వింతగా వినిపిస్తున్నాయో ఆలోచిస్తే, ఆ నేలను చదును చేసినవాళ్లెవరో అడగక తప్పదు.

ఇక 1945. ఆ ఏడాది ఫిబ్రవరి, మే నెలల్లో గిల్డ్ అనే చిన్న కంపెనీకి చేసిన రికార్డులు 'గ్రూవిన్ హై', 'డిజ్జీ అట్మాస్ఫియర్', 'సాల్ట్ పీనట్స్', 'షా నఫ్', 'హాట్ హౌస్'. బీబాప్ అంటే ఏమిటని అడిగితే ఇవాళ కూడా ముందు వినిపించేవి ఇవే. వీటి మీద నాయకుడిగా ఉన్న పేరు గిలెస్పీది. పార్కర్ ఆయన బృంద సభ్యుడు. ట్రంపెట్, శాక్సఫోన్ ఒకే గొంతుతో మెరుపులా పల్లవి వాయించి, సోలోలకు దారి విడిచి, మళ్లీ అదే పల్లవితో ముగించే ఆ ఆకృతి అప్పటి నుంచి చిన్న బృందాల జాజ్‌కు మూసగా స్థిరపడింది. 'గ్రూవిన్ హై' వింటే ఆ అమరికలో ఎంత ఆలోచన ఉందో తెలుస్తుంది. 'విస్పరింగ్' అనే పాత పాట కార్డ్‌ల మీద కొత్త బాణీ కట్టి, మధ్యలో శ్రుతి మార్చి, చివర వేగాన్ని ఒక్కసారిగా తగ్గించి, ట్రంపెట్‌ను ఒంటరిగా పైకి తీసుకెళ్లి ముగించాడు. ఇది అప్పటికప్పుడు తోచి వాయించిన సంగీతం కాదు, కూర్చుని రాసిన సంగీతం. ఆ జూన్ 22న న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఇద్దరూ కలిసి చేసిన కచేరీ రికార్డింగ్ అరవై ఏళ్ల తరవాత, 2005లో బయటికి వచ్చింది. అందులో ఒకరి వాక్యం మరొకరు అందుకునే తీరు విన్నవారికి ఎవరు గురువు, ఎవరు అనుచరుడు అన్న ప్రశ్నే అసందర్భంగా తోస్తుంది.

పార్కర్ ఏకైక సృష్టికర్త అనేవారు చివరికి చూపించే రికార్డు 'కో-కో'. 1945 నవంబర్ 26న సవాయ్ కంపెనీకి పార్కర్ తన సొంత పేరు మీద చేసిన రికార్డు అది. ఆ సోలో ఇరవయ్యో శతాబ్దపు సంగీతంలో శిఖరాల సరసన నిలుస్తుంది, సందేహం లేదు. కానీ ఆ రికార్డు ఎలా తయారయిందో కూడా చూడాలి. ఆ రోజు ట్రంపెట్ వాయించవలసిన మైల్స్ డేవిస్‌కు పందొమ్మిదేళ్లు. 'కో-కో' ప్రారంభ భాగం వేగం ఆ కుర్రవాడికి అందలేదు. అక్కడ వినిపించే ట్రంపెట్ గిలెస్పీది. అనుకున్న పియానో వాద్యకారుడు రాలేదు. పార్కర్ సోలో కింద కార్డ్‌లు పట్టుకున్న చేతులు కూడా గిలెస్పీవేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. ఒకే మూడు నిమిషాల్లో ట్రంపెట్ దగ్గర నుంచి పియానో దగ్గరకు చేరి, అంత వేగంలో, అంత క్లిష్టమైన కార్డ్‌ల నడకను తడుముకోకుండా నడిపించినవాడు ఆ సంగీతానికి బయటివాడు కాడు, దాని ఎముకల నిర్మాణం తెలిసినవాడు. పార్కర్ ఏకాంత ప్రతిభకు సాక్ష్యంగా చూపించే రికార్డే వాళ్ల ఉమ్మడి పనికి కూడా సాక్ష్యం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సిద్ధాంతం తెలిసినవాడు పండితుడు కావచ్చు, కళాకారుడు కానక్కర్లేదు కదా, గిలెస్పీ వాదనలో వేగం ఉంది కానీ ఆర్తి ఏదీ అంటారు. ఇలా అనేవారు 1945 జనవరిలో ఆయన రికార్డు చేసిన 'ఐ కాంట్ గెట్ స్టార్టెడ్' వినాలి. అంతా ఎరిగిన ఒక ప్రేమగీతాన్ని అంచుల దగ్గర విరుస్తూ, ఊపిరి ఆపి, మళ్లీ అందుకుంటూ వెళ్లే ఆ వాదనలో ప్రదర్శన అన్నదే లేదు. దాని చివర ఆయన కూర్చిన ముగింపు పదం తరవాత మంక్ రచన 'రౌండ్ మిడ్‌నైట్'కు ముందుమాటగా చేరింది. ఆ పాటను వాయించేవారిలో చాలామంది ఇవాళ ఆ ఆరంభ పదంతోనే మొదలుపెడతారు, అది గిలెస్పీదని ఎక్కువమందికి తెలియదు. 1957 డిసెంబర్‌లో సోనీ రోలిన్స్, సోనీ స్టిట్ అనే ఇద్దరు శాక్సఫోన్ ఉద్దండుల మధ్య నిలబడి చేసిన 'సోనీ సైడ్ అప్' ఆల్బమ్‌లో కూడా అంతే. పక్కవాళ్లిద్దరూ పోటాపోటీగా నిప్పులు చెరుగుతుంటే ఆయన నాలుగు స్వరాలు వదిలి, ఖాళీ విడిచి, లయతో ఆడుకుంటాడు. వేగం ఉన్నవాడికే ఆగడం తెలిస్తే దానికి వచ్చే బరువు వేరు.

గిలెస్పీ కేవలం ప్రచారకుడు అనే మాటను కూడా దగ్గరగా చూడాలి. పార్కర్ తను కనుగొన్నది తన వాదనలో ఉంచి వెళ్లాడు. వినగలిగినవాళ్లు వినాలి. గిలెస్పీ హార్లెమ్‌లో తన ఇంటి పియానో ముందు కూర్చుని వచ్చినవాళ్లందరికీ కార్డ్‌లు విప్పి చూపించేవాడు. ట్రంపెట్ వాయించే ప్రతి కుర్రవాడికీ పియానో నేర్చుకోమని చెప్పేవాడు. నేర్చుకున్నవారిలో మైల్స్ డేవిస్ ఒకడు, ఆ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాశాడు. 1989లో వచ్చిన ఆ ఆత్మకథ మొదలయ్యేది కూడా, 1944లో సెయింట్ లూయిస్‌లో బిల్లీ ఎక్‌స్టైన్ బ్యాండ్‌లో గిలెస్పీనీ పార్కర్‌నూ కలిపి విన్న అనుభవంతోనే. ఆ ఇద్దరినీ అక్కడ ఆయన విడదీయలేదు. ఫ్యాట్స్ నవారో, క్లిఫర్డ్ బ్రౌన్ గిలెస్పీ వేసిన దారిలో నడిచే ట్రంపెట్‌కు కొత్త నిండుదనం తెచ్చారు. లీ మోర్గన్ ఇంకా టీనేజీలో ఉండగానే ఆయన బిగ్ బ్యాండ్‌లో చోటు సంపాదించాడు. జాన్ కోల్ట్రేన్ 1949 నుంచి ఒకటి రెండేళ్లు ఆయన దగ్గర పనిచేశాడు. 1946 నాటి బిగ్ బ్యాండ్‌లో ఇత్తడి వాద్యాల వాళ్లకు విశ్రాంతి ఇవ్వడానికి మధ్యలో జాన్ లూయిస్, మిల్ట్ జాక్సన్, కెన్నీ క్లార్క్, రే బ్రౌన్ నలుగురూ విడిగా వాయించేవారు. మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే ప్రఖ్యాత బృందానికి మూలం ఆ విరామాల్లోనే ఉంది. ఇదంతా ప్రచారమని కొట్టేయడానికి వీల్లేదు. ఒక పద్ధతిని మరొకరు చేయగలిగేలా విడదీసి చెప్పాలంటే దాని లోతు తెలియాలి. మన సంగీత సంప్రదాయంలో శిష్యపరంపరను నిలబెట్టినవారికి వాగ్గేయకారుల పక్కనే గౌరవం ఇస్తారు. జాజ్ విమర్శకులు ఆ పని చేసినవాడిని ఒక మెట్టు కింద నిలబెట్టడానికి సరైన కారణం నాకు కనిపించలేదు.

బిగ్ బ్యాండ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బీబాప్ చిన్న బృందాల సంగీతమని, పదిహేడు మంది కలిసి దాన్ని వాయించడం కుదరదని అందరూ అనుకుంటున్నప్పుడు గిల్ ఫుల్లర్ తోడుతో ఆయన 1946లో 'థింగ్స్ టు కమ్' రికార్డు చేశాడు. ఆ వేగానికి ఇత్తడి వాద్యాలు అక్కడక్కడా తడబడతాయి కూడా. ఆ ఊహ మాత్రం తడబడలేదు. 1947లో క్యూబా నుంచి వచ్చిన చానో పోసోను కాంగా డ్రమ్స్ మీద తన బ్యాండ్‌లో చేర్చుకున్నాడు. ఆ ఇద్దరినీ పరిచయం చేసింది కాలొవే బ్యాండ్‌లో గిలెస్పీకి తోడుగా ఉన్న క్యూబా ట్రంపెట్ వాద్యకారుడు మారియో బౌసా. సెప్టెంబర్‌లో కార్నెగీ హాల్‌లో జార్జ్ రసెల్ రచన 'క్యూబానా బి, క్యూబానా బాప్' వాయించారు, డిసెంబర్‌లో 'మాంటెకా' రికార్డు చేశారు. క్యూబా లయలు కేవలం విదేశీ అలంకారమని, పైన చల్లిన సుగంధ ద్రవ్యమని ఆక్షేపించేవారున్నారు. 'మాంటెకా' నిర్మాణం ఆ ఆక్షేపణకు జవాబు. పోసో తెచ్చిన లయఖండాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పాటకు పునాది అవుతాయి. మధ్య భాగాన్ని గిలెస్పీ జాజ్ కార్డ్‌లతో రాశాడు. అక్కడికి చేరేసరికి లయ నడక మారి, మళ్లీ మొదటికి వచ్చేసరికి పాత పునాది అందుకుంటుంది. రెండు సంగీతాలు వాటి వాటి తర్కాన్ని వదులుకోకుండా ఒకే రచనలో ఇమిడాయి. పోసో 1948 డిసెంబర్‌లో హార్లెమ్‌లో హత్యకు గురయ్యాడు. ఆయన పోయాక కూడా గిలెస్పీ ఈ దారి వదల్లేదు. 1977లో హవానా వెళ్లి ఆర్టురో సాండోవాల్‌ను విన్నాడు, 1980ల చివర సాండోవాల్, పకీటో డి'రివెరా లాంటి వాళ్లతో యునైటెడ్ నేషన్ ఆర్కెస్ట్రా కట్టాడు. ఈ మేళవింపులో మొదటి అడుగులు బౌసా, మచీటో బృందానివి, ఆ గౌరవం వాళ్లకు దక్కాలి. ఆ దారిని బీబాప్‌తో కలిపినవాడు గిలెస్పీ. పార్కర్‌కు ఇందులో పాత్ర స్వల్పం.

ఇక నవ్వుల సంగతి. గిలెస్పీని తక్కువ చేయడానికి ఎక్కువగా వాడేది ఈ ఆయుధమే. వేదిక మీద గంతులు వేస్తాడు, శ్రోతలతో హాస్యమాడతాడు, మాటల మధ్యలో బృందాన్ని ఒకరికొకరిని పరిచయం చేయిస్తాడు, కాబట్టి గంభీర కళాకారుడు కాడట. గాంభీర్యానికి ఈ కొలత ఎక్కడి నుంచి వచ్చింది? కచేరీ హాల్లో కదలకుండా నిలబడి వాయించడం ఐరోపా మర్యాద. నల్లజాతి అమెరికా వేదికల్లో నాట్యం, హాస్యం, గానం, వాద్యం ఎప్పుడూ విడిగా లేవు. గిలెస్పీకి కూడా ఒకప్పుడు ఈ అపోహ ఉంది. 1940ల చివర ఆర్మ్‌స్ట్రాంగ్ నవ్వును బానిసకాలపు అవశేషమని విమర్శించాడు. 1979లో వచ్చిన తన ఆత్మకథ 'టు బి ఆర్ నాట్ టు బాప్'లో ఆ విమర్శను వెనక్కి తీసుకున్నాడు. ఆ నవ్వు వెనక ఉన్న ధైర్యాన్ని అప్పట్లో అర్థం చేసుకోలేదని రాశాడు. 1956లో అమెరికా విదేశాంగ శాఖ మొట్టమొదటిసారి ఒక జాజ్ బ్యాండ్‌ను విదేశీ పర్యటనకు పంపినప్పుడు ఎంచుకున్నది గిలెస్పీని. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చున్న బ్యాండ్ అది. ట్రాంబోన్ వాయిస్తూ రచనలు అమర్చిన మెల్బా లిస్టన్ అందులో ఉంది, సంగీత నిర్వహణ యువకుడైన క్విన్సీ జోన్స్‌ది. ఇరాన్‌లోని ఆబాదాన్ నుంచి మన పొరుగున ఉన్న కరాచీ, ఢాకా మీదుగా ఆ పర్యటన ఏథెన్స్ దాకా సాగింది. ప్రభుత్వం తరఫున మాట్లాడే ముందు ఏం చెప్పాలో నేర్పుతామంటే ఆయన ఒప్పుకోలేదు. అమెరికాలో నల్లవాళ్ల స్థితిని కప్పిపుచ్చే ఉద్దేశం తనకు లేదని తేల్చి చెప్పాడు. అంకారాలో ప్రహరీ గోడ అవతల ఉన్న వీధి పిల్లల్ని లోపలికి రానిచ్చేదాకా వాయించనన్నాడు. 1964లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని, శ్వేత సౌధం పేరు బ్లూస్ హౌస్‌గా మారుస్తానని ప్రకటించాడు. ఆ హాస్యం వెనక ప్రచార బిళ్లల అమ్మకంతో పౌరహక్కుల ఉద్యమానికి చేరిన డబ్బు ఉంది, ఓటు హక్కు కోసం ప్రాణాలకు తెగించి నిలబడిన ఒక జాతి కోపం ఉంది. ఆయన నవ్వును చూసి ఆయనకు లోతు లేదని అనుకున్నవారు ఆ నవ్వు ఎవరి వైపు తిరిగి ఉందో గమనించలేదు.

చివరికి తరచూ వినిపించే ఆక్షేపణ ఒకటుంది. 1950 తరవాత గిలెస్పీ కొత్తగా ఏమీ కనిపెట్టలేదంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఆర్థిక భారం మోయలేక 1950లో బిగ్ బ్యాండ్‌ను రద్దు చేశాడు. 1960లో లాలో షిఫ్రిన్ రాసిన 'గిలెస్పియానా' లాంటి గొప్ప పనులున్నా, 1970లలో ఆయన వాదన ముప్పై ఏళ్ల కిందట తను కట్టిన ఇంట్లోనే తిరిగింది. ఒప్పుకుంటాను. అయితే పార్కర్‌ను ఈ కొలతతో ఎవరూ కొలవరు. 1950 నుంచి 1955 మధ్య పార్కర్ శైలిలో పెద్ద మలుపు ఏదీ లేదు. తీగ వాద్యాల బృందంతో చేసిన రికార్డులు ఆయనకు ఇష్టమైనవే కావచ్చు, కానీ అవి కొత్త భాష కాదు. 1955 మార్చి 12న, ముప్పై నాలుగేళ్ల వయసులో, హెరాయిన్, మద్యం తినేసిన శరీరంతో పార్కర్ పోయాడు. అరవయ్యేళ్ల పార్కర్ ఎలా వాయించేవాడో ఎవరికీ తెలియదు, కాబట్టి ఆయన ఎప్పటికీ 1945లోనే ఉంటాడు. గిలెస్పీ 1993 జనవరి 6 దాకా, డెబ్భై అయిదేళ్లు బతికాడు. ఒకరి పదిహేనేళ్ల శిఖరాన్ని మరొకరి యాభై అయిదేళ్ల పూర్తి జీవితంతో పక్కపక్కన పెట్టి, రెండోదానిలో మైదానాలు కనిపించాయని తప్పుపట్టడం న్యాయం కాదు. జీవించి ఉండటమే ఒక కళాకారుడి మీద అభియోగంగా మారిన విచిత్రమైన తీర్పు ఇది.

ఈ తీర్పు అంత గట్టిగా నిలబడటానికి సంగీతేతరమైన కారణం ఒకటి ఉంది. అకాలమరణం పాలైన, వ్యసనాలకు బలైన, లోకం అర్థం చేసుకోని మేధావి కథ అందరినీ ఆకర్షిస్తుంది. పార్కర్ పోయాక న్యూయార్క్ గోడల మీద ఆయన బతికే ఉన్నాడన్న రాతలు వెలిశాయి, బీట్ తరం రచయితలు ఆయన్ని తమ దైవంగా చేసుకున్నారు. 1988లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన పార్కర్ జీవితకథ 'బర్డ్' సినిమా ఆయన్ని అమరవీరుడిగా, గిలెస్పీని బాధ్యత గల పెద్దమనిషిగా విడదీసి చూపింది. ఆ కథ గిలెస్పీకి చేసిన అన్యాయం అందరికీ తెలుస్తూనే ఉంది. పార్కర్‌కు చేసిన అన్యాయం ఇంకా పెద్దది. ఆయన్ని చదువు అక్కర్లేని సహజ ప్రతిభగా, ఆకాశం నుంచి దిగిన వరంగా చూపించడం నల్లజాతి కళాకారుడి శ్రమను కాదనడమే. మూడు నాలుగేళ్ల పాటు రోజుకు పదకొండు నుంచి పదిహేను గంటలు సాధన చేశానని పార్కర్ స్వయంగా ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. మేధస్సుతో, చదువుతో, పెన్సిలు పట్టుకుని, పియానో ముందు కూర్చుని సంగీతాన్ని తిరగరాసిన నల్లవాడు ఆ ఊహలో ఇమడడు. అందుకే గిలెస్పీని సరదా మనిషిగా కుదించవలసి వచ్చింది. ఆయన్ని సిద్ధాంతకర్తగా గుర్తిస్తే పార్కర్‌ను కూడా శ్రామికుడిగా, ఆలోచనాపరుడిగా చూడక తప్పదు. అలా చూడటమే ఇద్దరికీ న్యాయం.

గిలెస్పీయే పార్కర్‌ను తనకంటే పైన నిలబెట్టాడు కదా అని అడగవచ్చు. నిజమే, పార్కర్‌ను తన గుండె చప్పుడులో రెండో సగమని చెప్పుకున్నాడు. స్నేహితుడు చితికిపోయి చనిపోయాక బతికి ఉన్నవాడు చూపిన ఔదార్యం అది. దాన్ని సాక్ష్యంగా వాడుకునేవారు పార్కర్ ప్రవర్తనను కూడా సాక్ష్యంగా తీసుకోవాలి. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్ వేదిక మీద 'సాల్ట్ పీనట్స్' మొదలుపెట్టే ముందు, ఆ రచన ఎవరిదో శ్రోతలకు గిలెస్పీ పేరుతో సహా గౌరవంగా చెప్పింది పార్కరే. రికార్డులో ఆ గొంతు ఇప్పటికీ వినవచ్చు. ఒకరి వినయాన్ని ప్రమాణంగా తీసుకుని రెండోవారి గౌరవాన్ని మర్యాద మాటగా కొట్టేయడం సరి కాదు. పోనీ ఇద్దరి మాటల్నీ పక్కన పెట్టి, 1940 మార్చి నాటి 'పికిన్ ద క్యాబేజ్' నుంచి 1947 డిసెంబర్ నాటి 'మాంటెకా' దాకా పైన చెప్పిన రికార్డులను తేదీల వరుసలో వినండి. ఆ వరుస మధ్యలో పార్కర్ వచ్చి సాటిలేని పని చేసి వెళతాడు. మొదటి రికార్డులోనూ చివరి రికార్డులోనూ ఆయన లేడు. గిలెస్పీ ఆ రెండింటిలోనూ ఉన్నాడు, మధ్యలో కూడా ఉన్నాడు.